సెల్లార్‌ను కూడా లెక్కలో కలపండి

ప్రశ్న: మా కాలనీ వెనక నాలా ఒడ్డున అయిదు టవర్లు కడతారట. చెరువు అలుగు పారితే ఆ నీళ్లు పోయేది ఆ నాలాలోనే. అప్పుడే జేసీబీలు దిగాయి. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా ఇలా కట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్ శివారు

జవాబు: ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా కట్టొచ్చమ్మా. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. పర్యావరణ ప్రభావ అంచనాపై 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ భవనాలను, టౌన్‌షిప్‌లను బహిరంగ విచారణ నుంచి మినహాయించింది. ఊరి పక్కన పెద్ద గని తవ్వాలంటే కలెక్టరో ఆయన తరఫు అధికారో వచ్చి జనం మాట వినాలి. నగరంలో టవర్లకు ఆ అవసరం లేదు. నాలా పూడితే మునిగేది మన ఇళ్లే కాబట్టి ఈ మినహాయింపు అన్యాయమనే నేనంటాను.

అలాగని అనుమతే అక్కర్లేదని కాదు. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులకు చేరితే ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకుని తీరాలి. 1,50,000 చదరపు మీటర్లకు చేరితే పూర్తిస్థాయి అంచనా నివేదిక కూడా ఇవ్వాలి. చాలామంది పొరబడేది ఈ విస్తీర్ణం దగ్గరే. బ్రోచర్‌లో వేసేది ఫ్లాట్ల విస్తీర్ణం. నోటిఫికేషన్ ప్రకారం అన్ని అంతస్తులతో పాటు సెల్లార్లు, సర్వీస్ ఏరియాలు కూడా కలపాలి. పార్కింగ్ కోసం రెండు సెల్లార్లు తవ్వుతుంటే వాటినీ కలిపి చూడండి.

అనుమతి రాకముందు స్థలం చుట్టూ కంచె వేసుకోవచ్చు, కాపలావాడికి షెడ్డు వేసుకోవచ్చు. పునాది తవ్వడం, నేల చదును చేయడం మాత్రం కుదరదు. కాబట్టి ఆ జేసీబీలను తేదీ కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక కాగితాల సంగతి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో బిల్డర్ దరఖాస్తు, ప్లాను ఉంటాయి. అక్కడ దొరక్కపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మురుగు ఎటు పోతుంది, వాన నీరు ఎటు పోతుంది, దగ్గర్లో ఏ చెరువు, ఏ నాలా ఉన్నాయని రాశారు? ముందు ఇవి చదవండి. వాన నీరు ‘ప్రస్తుత డ్రెయిన్‌లోకి’ అని రాసి ఉంటే ఆ డ్రెయిన్ దగ్గరికి వెళ్లి టేపు పెట్టి వెడల్పు కొలవండి. 2012 నాటి జీవో 168 ప్రకారం నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే ఒడ్డు నుంచి 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు. ప్లానులో గీత ఒకచోట, నాలా ఇంకోచోట ఉంటే మీ చేతిలో బలమైన ఆధారం ఉన్నట్టే.

ఆ తేడాలు రాసి, ఫొటోలు జతచేసి రాష్ట్ర పర్యావరణ ప్రభావ అంచనా అథారిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కాలుష్య నియంత్రణ మండలికీ ఒక కాపీ వెళ్లాలి. విచారణ లేకపోయినా మీ ఉత్తరం ఫైల్లోకి ఎక్కుతుంది, రేపు దాన్ని చూడలేదని ఎవరూ అనలేరు.

అనుమతి వచ్చేసినా దారి ఉంది. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌లో 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. 91వ రోజున వెళ్తే వినే అధికారం ట్రిబ్యునల్‌కే ఉండదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

కేసు వేస్తే కట్టడం ఆగిపోతుందన్న హామీ మాత్రం నేనివ్వలేను. అమరావతి రాజధాని అనుమతిపై వేసిన కేసులో 2017 నవంబరులో ట్రిబ్యునల్ అనుమతిని రద్దు చేయలేదు. అదనపు షరతులు పెట్టి, వాటి అమలు చూడటానికి కమిటీలు వేసింది. మీ నాలా విషయంలో అలాంటి ఒక్క షరతు వచ్చినా వానాకాలంలో మీ వీధికి చాలా తేడా వస్తుంది.

అనుమతి వచ్చిన 7 రోజుల్లో బిల్డర్ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన వేయాలి. వాటిలో ఒకటి తెలుగులో ఉండాలి. పోర్టల్‌లో పెట్టిన రోజు, పత్రికలో పడిన రోజు, ఈ రెండింట్లో ఏది ముందైతే ఆ రోజు నుంచే మీ 30 రోజులు లెక్కపెట్టుకోండి.