చూడక టైపుచేయు విద్య: తెలుగు వర్ణక్రమము

మీటలను చూడక పది వ్రేళ్లతో టైపుచేయుట గుమాస్తాలకు మాత్రమే చెందిన విద్య యని తలచుట కలదు. తెలుగు విషయమున ఈ అభిప్రాయము నిలువదు. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు మన వర్ణవిభాగము ననుసరించి కూర్పబడినది గనుక, దానిని నేర్పవలసిన తీరు భాషావేత్తలు యోచింపదగినది.

1991లో వెలువడిన ఐ.ఎస్. 13194 అను భారతీయ ప్రమాణమున ఈ అమరిక చేరియున్నది. ఇందు అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతికి, హల్లులలో అధికభాగము కుడిచేతికి వచ్చును. పరుషములైన క, చ, ట, త, ప మధ్యవరుసలో నుండగా, సరళములైన గ, జ, డ, ద, బ పై వరుసలో నున్నవి. షిఫ్టుతో కలిపి నొక్కినచో ఆ మీటలే మహాప్రాణముల నిచ్చును. సరళాదేశమున ‘కొండ’ ‘గొండ’ యైనపుడు, అదే వ్రేలు ఒక వరుస పైకి జరిగిన చాలును.

ఒత్తులకు వలసిన పొల్లుగుర్తు సయితము మధ్యవరుసలోనిదే. ‘చేతికి’, ‘పేరు’, ‘కోరిక’, ‘తిరుపతి’ వంటి పదములు వ్రేళ్లు ఆ వరుసను విడువకయే పూర్తియగును. తొలిపాఠమునకు ఇట్టివి తగును.

అయితే ఒక చిక్కు కలదు. ఈ అమరిక భారతీయ లిపులకు ఉమ్మడిది. హిందీకి హ్రస్వములైన ఎ, ఒలకు వేరు అక్షరములు అక్కరలేదు. దీర్ఘములైన ఏ, ఓలకు మధ్యవరుస దొరకగా, హ్రస్వములు కీబోర్డు ఎడమ అంచులకు పోయినవి. రెండును చిటికెనవ్రేలి పాలైనవి. ఆ వ్రేలు తడబడినచో ‘తెగ’ ‘తేగ’ యగును, ‘తొడ’ ‘తోడ’ యగును. హిందీ పాఠక్రమమును తెలుగులిపిలోనికి మార్చినంత మాత్రమున ఈ లోపము తీరదు. హ్రస్వదీర్ఘములను జంటలుగా సాధన చేయింపవలెను.

ఇట్టి పాఠములు మనమే కూర్చుకొనుటకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అవకాశ మిచ్చుచున్నది. ఎవరైనను వాడుకొని, మార్చి, పంచుకొనదగిన ‘క్లవారో’ ఇందుకు ఉదాహరణము. అది మొదట మీటల స్థానములను నేర్పి, పిమ్మట అర్థరహితమైన అక్షరసముదాయములను, ఆపై పదములను, తుదకు గద్యభాగములను అభ్యసింపజేయును. కీబోర్డు అమరికను, పదపట్టికలను, గద్యమును మనము చేర్చుకొనవచ్చును.

కావున యంత్రవిషయమున మనకు కొరత లేదు. కొరత యెల్ల తెలుగు ధ్వనుల నెఱిగి కూర్చిన పదపట్టికలదే. ఆ పని ప్రోగ్రాము వ్రాయువారిది కాదు, తెలుగుశాఖలది.