ఫ్రీ అన్న కన్సల్టెన్సీకి డబ్బులెక్కడివి?

ప్రశ్న: ఈ ఏడాదే బీటెక్ అయింది. సీజీపీఏ 7.2, మూడు బ్యాక్‌లాగులు రాసి గట్టెక్కాను. అమెరికాలో ఎంఎస్ చేయాలనుంది. ఒక కన్సల్టెన్సీ ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్), అప్లికేషన్లు, బ్యాంకు బ్యాలెన్స్ అన్నీ ఫ్రీగా చూసుకుంటామంటోంది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, లాల్‌దర్వాజా

జవాబు: ఫ్రీ అంటే మీ దగ్గర తీసుకోరని మాత్రమే. మీరు చేరాక కొన్ని యూనివర్సిటీలు వాళ్లకు కమిషన్ ఇస్తాయి. అందుకే వాళ్ల లిస్టులో అలాంటివే ముందుంటాయి. అప్లికేషన్ మీరే పెట్టుకోండి. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నవారికి ఇదేం బ్రహ్మవిద్య కాదు.

మీ లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలయ్యాక ఆగస్టులో విమానం ఎక్కాలంటే, అంతకుముందు ఏడాది బోనాలనాటికే పని మొదలవ్వాలి. చాలాచోట్ల గడువు డిసెంబరు, జనవరిల్లోనే ముగుస్తుంది. ట్రాన్‌స్క్రిప్టులకు ముందే దరఖాస్తు పెట్టండి, లెక్చరర్లను సిఫారసు లేఖలు ఇప్పుడే అడగండి.

ఎస్‌ఓపీ మాత్రం ఎవరిచేతా రాయించుకోకండి. ‘చిన్నప్పటి నుంచి కంప్యూటరంటే ప్రాణం’ అని మొదలయ్యేవి చదివి చదివి నాకే విసుగొచ్చింది. బ్యాక్‌లాగులు ట్రాన్‌స్క్రిప్టులో ఎలాగూ కనిపిస్తాయి. ఎందుకొచ్చాయో, ఎలా దాటారో రెండు వాక్యాల్లో చెప్పేయండి.

ఇక బ్యాంకులో అద్దెకు తెచ్చి చూపించే బ్యాలెన్స్ జోలికి అసలు వెళ్లొద్దు. మోసమని తేలితే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. అన్నట్టు, 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ అమెరికా అధికారులు పన్నిన వల. చిక్కినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. అందుకే క్లాసులు జరుగుతున్నాయో లేదో, ప్రొఫెసర్లు ఉన్నారో లేదో చూశాకే ఫీజు కట్టండి.

యూనివర్సిటీల ఎంపికలో తికమకైతే హైదరాబాద్‌లోని ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రాన్ని అడగండి. ఇప్పటికే మీ పేరుతో తప్పుడు పత్రం వెళ్లి ఉంటే, వీసా ఇంటర్వ్యూకు ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి.