వైద్యశాలల మరమ్మతు – విద్యుత్తు పొదుపు

పాఠశాల సాయంకాలమున మూతపడును. వైద్యశాలకు అట్టి వేళ లేదు. రేయింబవళ్ళు దీపములు వెలుగవలయును, పంకాలు తిరుగవలయును, పరికరములను ఆవిరితో శుద్ధి చేయవలయును. కావుననే అచట విద్యుత్తు వ్యయము హెచ్చు. పాత భవనమును కూలద్రోయకయే ఈ వ్యయమును తగ్గించు మార్గములు కలవు. వానిని వరుసగా తెలిసికొందము.

మొదటిది పరిశీలన. ఏ గదిలో ఏ యంత్రము ఎన్ని గంటలు నడచుచున్నదో, ఎంత విద్యుత్తు వాడుచున్నదో కొలిచి వ్రాయవలయును. కొలత లేని పొదుపు ఊహ మాత్రమే.

రెండవది వేడిని వెలుపలనే ఆపుట. పగలెల్ల కాగిన డాబా రాత్రి గదిలోనికి వేడిని విడుచుచుండును. దానిపై తెల్లని పూత పూసినచో ఎండలో అధికభాగము వెనుకకు మరలును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఇందులకే. కిటికీలకు నీడ కల్పించుట, తలుపుల సందులు మూయుట, ఆవిరి గొట్టములకు వేడి పోనీయని తొడుగు వేయుట ఈ కోవలోనివే.

మూడవది యంత్రముల మార్పు. ఒక వార్డులో 20 పంకాలు దినమునకు 16 గంటలు తిరుగుననుకొందము. పాత పంకాకు 75 వాట్లు. మొత్తము 24 యూనిట్లు. క్రొత్తరకము పంకాకు 30 వాట్లు, మొత్తము 9.6 యూనిట్లు. దినమునకు 14.4 యూనిట్లు మిగులును. గాలిని పంపు పెద్ద యంత్రముల వేగమును ఐదవవంతు తగ్గించినచో వాని విద్యుత్తు సుమారు సగమునకు దిగును. ఏలన అది వేగము యొక్క ఘనమును అనుసరించును.

ఈ వరుస తప్పరాదు. వేడిని ఆపకముందే శీతలయంత్రమును కొన్నచో అవసరమునకు మించిన యంత్రమును కొనవలసివచ్చును.

రెండు హెచ్చరికలు మరువరాదు. శస్త్రచికిత్స జరుగు వేళ ఆ గదిలోని గాలి గంటకు 20 మారులైనను మారవలయును. అచట పొదుపు తగదు. గది ఖాళీగానున్నపుడు మాత్రము వేగమును తగ్గింపవచ్చును. అప్పుడును బయటి గాలి లోనికి చొరరాదు. ఇక గోడలు పగులగొట్టు ధూళిలో ఆస్పర్జిల్లస్ అను బూజు బీజములుండును. అవి బలహీనులైన రోగులకు ప్రాణాపాయకరములు. కావున ఒక్కొక్క వార్డును ఖాళీచేయించి, అడ్డు తెరలు బిగించి పని సాగింపవలయును.

తల్లిదండ్రులారా! మీలో కొందరు వైద్యశాలల సంఘములలో సభ్యులై యుందురు. మరమ్మతుకు చందా అడిగినపుడు, "కొలిచితిరా? రోగులను ఎచ్చట ఉంచెదరు?" అని ప్రశ్నింపుడు. ఇంట పిల్లలచే పంకాల లెక్క వేయింపుడు. మిగిలిన ప్రతి యూనిట్టు ధర పేదరోగి మందునకు ఉపకరింపగలదు. రోగికి కీడు చేయని పొదుపే పొదుపు.