వెలుగును చదివి వేడిని లెక్కగట్టడం

మా బత్తలపల్లెలో ఎక్స్‌రే అనగానే విరిగిన ఎముకను చూపే ఫిల్మే గుర్తొస్తుంది. ఏ థర్మామీటరూ దరిచేరలేని చోట ఎంత వేడి ఉందో కూడా ఎక్స్ కిరణాలు చెప్పగలవు. ఎలాగో చూద్దాం.

శక్తిమంతమైన లేజర్ కాంతిని అల్యూమినియం రేకు మీద చుక్కంత చోట పడేలా చేస్తే, సెకనులో వందకోట్లో వంతు కాలంలోనే అక్కడి లోహం ఆవిరైపోతుంది. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఈ స్థితినే ప్లాస్మా అంటాం. దాని వేడి లక్షల డిగ్రీలు దాటుతుంది. అప్పుడది ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది.

కొలిమిలో ఇనుము ఎర్రబడిందా, పసుపుగా మారిందా, తెల్లబడిందా అని చూసి కమ్మరి వేడిని పోల్చుకుంటాడు. శాస్త్రవేత్తలు చేసేదీ దాదాపు అదే. స్ఫటికం మీద పడిన ఎక్స్ కిరణాలు తరంగదైర్ఘ్యాన్ని బట్టి విడిపోయి గీతలుగా కనిపిస్తాయి. అల్యూమినియం పరమాణువులో 13 ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటిలో రెండే మిగిలితే 0.776 నానోమీటర్ల దగ్గర, ఒక్కటే మిగిలితే 0.717 నానోమీటర్ల దగ్గర బలమైన గీత వస్తుంది. వేడి పెరిగేకొద్దీ మొదటి గీతతో పోలిస్తే రెండోది ప్రకాశవంతమవుతుంది. ఆ రెండింటి నిష్పత్తే ఇక్కడ థర్మామీటరు.

ఎంత వేడికి ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడతాయో లెక్కగట్టే సమీకరణాన్ని 1920లో మేఘనాద్ సాహా ఇచ్చారు. ఆయన ఢాకా దగ్గరి పల్లెలో చిల్లర దుకాణదారు కొడుకు. ఊరి బడి చదువు దాటి ముందుకు వెళ్లడానికి ఒక వైద్యుడు ఆయనను తన ఇంట్లో ఉంచుకొని అన్నం పెట్టారు. నక్షత్రాల కోసం పుట్టిన ఆ సమీకరణం లేజర్ ప్లాస్మాకూ పునాది అయింది. అయితే ప్లాస్మా సమతాస్థితిలో లేనప్పుడు మరింత విపులమైన లెక్కలు కావాలి.

సాంద్రతను గీత వెడల్పు చెబుతుంది. సంతలో జనం పెరిగితే ఒక్కరి గొంతు స్పష్టంగా వినబడదు. అలాగే చుట్టూ ఎలక్ట్రాన్లు, అయాన్లు కిక్కిరిస్తే వాటి విద్యుత్ ప్రభావంతో గీత వెడల్పవుతుంది.

ఒక జాగ్రత్త అవసరం. ప్లాస్మా దట్టంగా ఉంటే తన వెలుగును తానే కొంత మింగేస్తుంది. అప్పుడు బలమైన గీత ఉన్నదానికంటే మందంగా కనిపించి లెక్క తప్పుతుంది. అందుకే రేకులో పలుచని పొరనే పరీక్షకు వాడతారు, లేదా బలహీనమైన గీతలతో సరిచూస్తారు. దీన్ని కొలత అనకుండా అంచనా అనడానికి కారణం ఇదే.

ఈ విద్య మనకు దూరమేమీ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లేజర్ ప్లాస్మా వెలుగును చదివి పేలుడు పదార్థాలను గుర్తించే పరిశోధన జరిగింది. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తితో 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి వచ్చింది. అలాంటి ప్రయోగాల్లో ఇంధనం ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి ఎక్స్ కిరణాలు కూడా సాక్ష్యమిస్తాయి.

మీ ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే ఈ పాఠం చదివించండి. నిష్పత్తి లెక్క వచ్చిన పిల్లలకు మొదటి మెట్టు అందినట్టే.