కొన్న రోజే అమ్మడం మొదలుపెట్టండి

తార్నాకలో పెట్రోల్ బంక్. క్యూలో పది బళ్లున్నాయి. మొన్ననే షోరూం నుంచి దిగిన రెండున్నర లక్షల బండి ఒకటి మెరిసిపోతోంది. దాన్నెవరూ పట్టించుకోవట్లేదు. ఇంతలో వెనక ఒక పాత ఆర్ఎక్స్ 100 వచ్చి ఆగింది. బంక్ కుర్రాడు ఒక చేత్తో పైపు పట్టుకునే అడిగాడు: "అన్నా, అమ్ముతవా?"

దాదాపు ముప్పై ఏళ్ల బండి. యాడ్ లేదు, బోర్డు లేదు. గిరాకీ దానంతటదే వెతుక్కుంటూ వచ్చింది.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. ఆర్నెల్ల కింద మీరు పెట్టిన 'ఫర్ సేల్' పోస్ట్ చూడండి. 'లాస్ట్ ప్రైస్ ఎంత?' అన్నవాళ్లు ఎందరు? ఇంటిదాకా వచ్చి బండి చూసినవాళ్లు ఎందరు?

బాధపడకండి. పాత బండిని తేలిగ్గా అమ్మగలగడం అదృష్టం మీద ఆధారపడదు. అదొక స్కిల్. చాలావరకు అలవాట్లు. మీరు నేర్చుకోగలరు.

ముందు ఆ ఆర్ఎక్స్ బండి సంగతి చూద్దాం. వేరే దేశాల్లో స్టూడెంట్లు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కోసం కలలు కంటారు. మన ఉస్మానియా క్యాంపస్‌లో ఆ కల 98 సీసీలో సర్దుకుంది. తేలికైన బాడీ, టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్ పవర్. 1985లో వచ్చింది, 1996లో ఆగింది. 2018లో దాని పేరుతోనే సినిమా వచ్చి హిట్టయింది. దాంతో బండి ఆగిపోయాక పుట్టిన పిల్లలకీ పేరు తెలిసింది.

పేరొక్కటే అమ్మిపెట్టదు. ఆర్ఎక్స్ తేలిగ్గా చేతులు మారడానికి అసలు కారణం వేరే. పిస్టన్ దగ్గర్నుంచి క్లచ్ ప్లేట్ల దాకా సామాను ఇప్పటికీ దొరుకుతుంది. ఇంజన్ విప్పి బిగించగల మేస్త్రీ ప్రతి పేటలో ఉన్నాడు. కొనేవాడికి ధైర్యం అక్కడ్నుంచే వస్తుంది.

కార్లలోనూ ఇదే లెక్క. జపాన్ మాజ్దా ఎంఎక్స్-5 చూడండి. చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు, 1989లో వచ్చింది. 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. అన్ని కార్లున్న చోట పార్ట్స్ ఉంటాయి, పని తెలిసిన మెకానిక్కులు ఉంటారు, ఒక రేటంటూ ఉంటుంది. మరి మన దేశంలో గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్? అందంగానే ఉంటుంది. కనిపించడమే గగనం. దొరికినవాడు పొంగిపోతాడు. అమ్మాలనుకున్న రోజు మాత్రం తనలాంటి ఇంకో పిచ్చివాడి కోసం ఎదురుచూడాలి.

అరుదైన బండి వేరు, తేలిగ్గా అమ్ముడుపోయే బండి వేరు. ఈ తేడా తెలియక మునిగినవాళ్లని చాలామందిని చూశాను. కొనే ముందే తేల్చుకోండి: మీకు కావాల్సింది ఏది?

సరే, బండి ఎంచుకున్నారు. ఇక మీ వంతు.

మైండ్‌సెట్: 'ఈ బండికి నేను ఆఖరి ఓనర్‌ని కాను'

ఈ ఒక్క మాట నమ్మండి చాలు, సగం అలవాట్లు వాటంతటవే మారతాయి.

హాస్టల్ రూం ఖాళీ చేసేటప్పుడు మేకులు పీకి, గోడ తుడిచి వెళ్లేవాళ్లుంటారు. 'తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడులే' అనుకునేవాళ్లూ ఉంటారు. బండి విషయంలో ఆ తర్వాత వచ్చేవాడే మీకు డబ్బులిచ్చేవాడు. రోజూ కీ తిప్పేటప్పుడు అతను గుర్తుకు రావాలి.

కాగితాలు. ముందు కాగితాలు.

ఇక్కడ నా సొంత తప్పొకటి చెబుతాను. యూనివర్సిటీ రోజుల్లో ఒక సీనియర్ దగ్గర బండి కొన్నాను. ఆర్సీలో ఉన్న పేరు ఆయనది కాదు. ఆయనకి అమ్మినవాడిదీ కాదు. చేతికి వచ్చినవి సంతకాలు పెట్టి తేదీలు వేయని ఫారాలు. 'అందరూ ఇట్లనే తిరుగుతరు తమ్మీ' అన్నాడు. నేనూ తిరిగాను. రెండేళ్ల తర్వాత అమ్మబోతే అసలు ఓనర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఇంజన్ బంగారం, కాగితం చెత్త. ఆఖరికి సామాను రేటుకి వదిలేసుకున్నాను.

తప్పు సీనియర్‌ది కాదు. అడగాల్సిన రోజు అడగని నాది.

మీరు అలా చేయరు. మీరు చేసేది ఇదీ:

1. కొన్న వారంలోనే పేరు మార్పించుకోండి. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. లోన్ ఉన్న బండైతే ఫైనాన్స్ వాళ్ల సంతకంతో ఫారం 35. ఇంతే. కొండేం కాదు.

2. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. పడిన అచ్చుని ఆర్సీతో ఒక్కో అంకె పోల్చండి. ఇంజన్ నంబర్ కూడా. ట్యాంక్ మీద 'ఆర్ఎక్స్ 100' స్టిక్కర్, కింద 135 ఇంజన్. ఇలాంటి కలగూరగంప బళ్లు బోలెడు తిరుగుతున్నాయి.

3. నంబర్ ప్లేట్ చదవడం నేర్చుకోండి. ఏపీ 9 అని ఉంటే అది హైదరాబాద్ బండి, రికార్డు తెలంగాణలోనే ఉంటుంది. ఏపీ 16 అంటే విజయవాడ, ఏపీ 31 అంటే విశాఖ. 2014కి ముందు ఈ తేడా పెద్ద విషయం కాదు. ఇప్పుడు అవి పక్క రాష్ట్రం బళ్లు. ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ టాక్స్ ఏమైనా పడుతుందేమో ఆర్టీఓలో కనుక్కోవాలి. చౌకగా వచ్చిందని మురిసిపోయే ముందు ఆ ఖర్చు కలిపి చూడండి.

4. సొంత బళ్లకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి బైకులకి ఆ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలైంది, కార్లకి 600 నుంచి 5,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. గ్రీన్ టాక్స్ దీనికి అదనం. 'కొన్నవాడే కట్టుకుంటాడులే' అనుకోకండి. మీరు కట్టేయండి. కాగితం ఐదేళ్లు బతికున్న బండికీ, వచ్చే నెలలో గడువు తీరే బండికీ బేరంలో వచ్చే తేడా ఈ ఫీజుకంటే ఎక్కువే ఉంటుంది.

చలాన్లు మర్చిపోయాను. డిస్కౌంట్ ఎప్పుడు ప్రకటిస్తారా అని మురగబెట్టే అలవాటు మన ఊళ్లో ఉంది. మానేయండి. కొనడానికి వచ్చినవాడు మీ ఎదురుగానే ఫోన్లో నంబర్ కొడతాడు. పద్దెనిమిది పెండింగ్ కనిపిస్తాయి. ఆ క్షణంలో అతనికి అర్థమయ్యేది మీ బండి సంగతి కాదు.

చేతులు అదుపులో పెట్టుకోండి

బండి కొన్న మొదటి నెల చాలా ప్రమాదకరం. చేతులు దురద పెడతాయి. సైలెన్సర్ మార్చాలి. హ్యాండిల్ మార్చాలి. ట్యాంక్‌కి మ్యాట్ బ్లాక్ కొట్టించాలి. మడ్‌గార్డ్ కోసేయాలి.

ఆగండి. ఆర్ట్స్ కాలేజీ ముందు ఓసారి నిలబడండి. 1939 నుంచి అదే గులాబీ రంగు రాయి. దాని మీద ఎవరైనా డిస్టెంపర్ వేస్తామంటే ఊరుకుంటారా? మీ బండికీ ఆ మర్యాద ఇవ్వండి.

మీ టేస్ట్ మీకు ముద్దు. కొనేవాడికి మాత్రం అది తీయించాల్సిన ఖర్చు. పాత బండి కొనేవాడు తన చిన్నతనాన్ని కొనుక్కుంటున్నాడు. వాళ్ల బాబాయి బండికి ఏ సైలెన్సర్ ఉందో, ఏ గుండ్రటి హెడ్‌లైట్ ఉందో, అదే కావాలి. మీ ఎల్ఈడీ స్ట్రిప్పు అందులో లేదు.

చట్టం సంగతీ తెలుసుకోండి. ఆర్సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. రంగు మారిస్తే అదీ ఆర్సీలో ఎక్కించాలి. ఇంకోటి కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకి విడిగా రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి, ఒరిజినల్ రూపంలో ఉండాలి. 1985లో రిజిస్టరైన తొలి ఆర్ఎక్స్‌లు 2035లో ఆ గీత దాటతాయి. మడ్‌గార్డ్ కోసిన బండి ఏ మొహం పెట్టుకుని ఆ క్యూలో నిలబడుతుంది?

మార్చకుండా ఉండలేరా? సరే, మనుషులమే కదా. అయితే ఒక నియమం. తీసిన ప్రతి ఒరిజినల్ పార్ట్‌కీ నూనె రాసి, పాత లుంగీలో చుట్టి, మంచం కింద పెట్టండి. అమ్మే రోజు ఆ మూట విప్పి చూపించండి. బేరం అక్కడే మీ వైపు తిరుగుతుంది.

పది రూపాయల నోట్‌బుక్

బండికి ఏ పని జరిగినా ఒక లైను రాయండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఇచ్చిన డబ్బు. బిల్లు ఉంటే అతికించండి. బ్లాక్ ఎప్పుడు రీబోర్ చేయించారు, ఏ సైజ్ పిస్టన్ వేశారు, తప్పకుండా రాయండి. బోరు కొట్టే కొద్దీ బ్లాకులో మెటల్ తగ్గిపోతుంది కాబట్టి తెలిసినవాడు అడిగే మొదటి ప్రశ్న అదే.

నెలకి రెండు నిమిషాల పని. రెండేళ్లకి ఒక చిన్న చరిత్ర తయారవుతుంది. 'ఇంజన్ సూపర్ ఉంది బ్రో' అన్న మాటకి ఎవరూ డబ్బులివ్వరు. నోట్‌బుక్కి ఇస్తారు.

కడగడం, ఫోటోలు, యాడ్? ఒక ఆదివారం పని. ఎండ తీవ్రంగా లేనప్పుడు ఫోటోలు తీయండి, తుప్పు ఉన్న చోట దగ్గరగా తీయండి. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

లోపం మీ నోటి నుంచే రావాలి

ఇది అందరికీ కష్టమనిపించే అలవాటు. లాభం ఎక్కువ ఇచ్చేది కూడా ఇదే.

ఫోన్ చేసిన మొదటి నిమిషంలోనే చెప్పేయండి: "సార్, థర్డ్ ఓనర్‌ని. ట్యాంక్‌కి కుడివైపు సొట్ట ఉంది. స్పీడోమీటర్ పనిచేయదు." సగం మంది ఫోన్ పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి. వాళ్లు ఇంటికొచ్చి, టీ తాగి, గంట కూర్చుని అప్పుడు వెళ్లిపోయేవాళ్లే. మిగిలిన సగం మీ తర్వాతి మాట నమ్ముతారు. దాచిన సొట్టని వాళ్లే కనిపెట్టారనుకోండి, ఇంజన్ గురించి మీరు చెప్పిన నిజాన్ని కూడా అనుమానిస్తారు.

తొందర ధరని తినేస్తుంది

మన క్యాంపస్ జబ్బొకటి ఉంది. వీసా స్టాంప్ అయ్యేదాకా బండి మీద తిరుగుతారు. ఫ్లైట్‌కి పది రోజుల ముందు యాడ్ పెడతారు. కొనేవాడు నవ్వుతూ అడుగుతాడు: "టికెట్ ఎప్పుడు బ్రో?" మీరు నిజం చెబుతారు. ధర అక్కడే కుప్పకూలుతుంది.

వెళ్లడం ఖాయమైన రోజు నుంచే వెనక్కి లెక్కపెట్టండి. మూడు నెలల ముందే యాడ్ పెట్టండి. కనీస ధర కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. అంతకు తగ్గితే నమస్కారం పెట్టి పంపించేయండి. టోకెన్ అడ్వాన్స్ తీసుకోకుండా ఎవరి కోసమూ బండి ఆపకండి, స్నేహితుడికైనా సరే.

అమ్మాక కూడా పని ఉంది. 14 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాడిదే. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బండి వరసగా చేతులు మారినా ఆర్సీలో పేరు మారని ఒక కేసు 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. యాక్సిడెంట్ పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనర్‌దేనని కోర్టు తేల్చింది. మీరు డాలస్‌లో క్లాసులో కూర్చుని ఉంటే ఇక్కడ మీ పేరుతో సమన్లు రావడం అవసరమా? ట్రాన్స్‌ఫర్ పూర్తయి, ఆన్‌లైన్‌లో కొత్త పేరు కనిపించేదాకా మీ అమ్మకం పూర్తి కానట్టే.

ఇవన్నీ చేసిన ఒక పీజీ స్టూడెంట్ పోయిన చలికాలంలో తన బండి అమ్మాడు. పొద్దున్నే ఆరున్నరకి రమ్మన్నాడు, ఆర్ట్స్ కాలేజీ ముందుకి. వచ్చినాయన యాభై దాటినవాడు, వాకింగ్ షూస్‌లోనే వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నోట్‌బుక్ తిరగేశాడు. మూట విప్పించి పాత సైలెన్సర్ చూశాడు. ఏమీ అనలేదు.

చాలామంది గిరాకీ వచ్చేలోపు ఇంజన్ వేడి చేసి ఉంచుతారు, ఒక్క కిక్కుకే లేస్తుందని. పెద్దాయనకి ఆ సంగతి తెలుసు. వంగి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు. రాత్రి మంచుకి చల్లగా ఉంది.

"కొట్టు తమ్మీ," అన్నాడు.