వాణిజ్య విద్యార్థికి ప్రపంచ చరిత్ర యెందుకు?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి 'దోస్త్' ప్రవేశ ప్రకటన వచ్చిన తోడనే, నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాలలోనో, మహబూబ్‌నగర్‌లోని ఎం.వి.ఎస్. కళాశాలలోనో సీటు గోరు పిల్లల యిండ్లలో సాగు చర్చ యించుమించు ఒక్కతీరుననే యుండును. లెక్కలు వ్రాయనేర్చినవాడు ఏ యూరనైనను బ్రదుకగలడు గనుక బి.కాం. మేలనియు, రాజులు పోయిరి, రాజ్యములు పోయినవి గనుక చరిత్ర వలన జీతము రాదనియు పెద్దలు తీర్పు చెప్పుదురు, పిల్లలు తలయూపుదురు. మొదటి మాటలో నిజము కలదు. రెండవ మాటను మాత్రము ఈ రెండు జిల్లాల గతము నెరిగినవారెవ్వరును అంగీకరింపజాలరు. ఏలయన, ఈ మెట్టనేలల బేరసారములను తరతరములుగా శాసించినవానిలో దూరదేశముల సంఘటనలకు గల పాలు చిన్నది కాదు.

ఆముదపు పంటనే తీసికొందము. పత్తి వచ్చి దానిని వెనుకకు నెట్టక పూర్వము, దేవరకొండ, కల్వకుర్తి ప్రాంతముల చెల్కలలో, వాన తప్ప మరియొక యాధారము నెరుగని రైతుచేతికి రొక్కము తెచ్చిపెట్టుచుండిన పంటలలో ఆముదము ముఖ్యమైనది. ఆ గింజలు అడ్తి దుకాణములనుండి రైలుబండ్లకును, రైలుబండ్లనుండి ఓడలకును ఎక్కి సీమలోని నూనె మిల్లులను చేరుచుండెడివి. 1914లో ఐరోపా మహాసంగ్రామము మొదలై విమానములు రణరంగమున ప్రవేశించినప్పుడు, సిలిండర్లతో సహా గిర్రున తిరుగు నాటి రోటరీ యింజనులకు, పెట్రోలులో సులభముగా కరిగిపోని ఆముదమునకు సాటియైన కందెన మరియొకటి దొరకలేదు. పల్లెపట్టున పసిబిడ్డల కడుపుబ్బరమునకు పట్టించు నూనె ఫ్రాన్సు దేశపు ఆకాశమున యుద్ధవిమానములను నడిపించినది. ఆ యింజనుల పొగ పీల్చిన వైమానికులకు కడుపు జారెడిదని చెప్పుదురు. ఆముదము త్రాగి పెరిగిన మనవారికి ఇందులో వింతయేమియు తోచదు.

పదునైదేండ్లు గడచినవో లేదో, 1929 అక్టోబరులో న్యూయార్కు నగరపు వాటాల విపణి కుప్పగూలి, ప్రపంచమంతటను పంటల ధరలు పడిపోయి, ధరలు పడినను తగ్గని అప్పులతో రైతులు కుంగిపోయిరి. అప్పిచ్చిన షావుకారు చిట్టా, ఆవర్జాలలో గింజల ధర యెంత పడినదో లెక్క యుండును; ఎందుకు పడినదో యుండదు. ఆ 'ఎందుకు'ను వెదకుటకే వాణిజ్య విద్యార్థి ప్రపంచ చరిత్రను ఆశ్రయింపవలయును. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన మాట యిదియొక్కటే. తక్కినవన్నియు దానికి సాక్ష్యములు.

ఆముదముతోనే ముడిపడిన మరియొక వస్తువు తేలియా రుమాలు. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక నేతగాండ్రు, ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదతోను నూనెతోను నూలును పదనుచేసి, చిటికీలు కట్టి, ఎఱుపు నలుపు రంగులద్ది నేయు ఈ చదరపు గుడ్డ, చీరాలనుండి నల్లగొండ సీమకు వచ్చిన విద్య. దీనిని తలపాగగా చుట్టుకొనుటకు కొన్నవారు ఏడెను, అరేబియా, తూర్పు ఆఫ్రికా తీరవాసులు. ఇక దాని యెఱుపు సంగతి చూడుడు. పూర్వము చిరివేరునుండి తీయుచుండిన ఆ వన్నెను, 1868లో గ్రేబె, లీబర్‌మన్ అను జర్మను రసాయనవేత్తలు తారునుండి కృత్రిమముగా తయారుచేయు మార్గము కనుగొనిరి. అలిజరిన్ అను పేర అది డబ్బాలలో వచ్చి చేరగా, వేళ్లరంగును నమ్ముకొన్న సాగు దేశదేశముల నశించెను. ఒక్క గుడ్డలో తీరాంధ్రపు పనితనము, తెలంగాణపు ఆముదము, జర్మనీ రసాయనము, అరబ్బు గిరాకీ కలిసియున్నవి. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. దానిని ప్రపంచ విపణిలో అమ్మిపెట్టదలచిన యువకుడు, ఒకప్పుడు దానిని కొన్నదెవరో, ఎందుకు కొన్నారో, ఎప్పుడు మానిరో తెలియక ధరల పట్టిక మాత్రమే చేతబట్టి పోయినచో ఏమి చెప్పగలడు?

మీ పాఠ్యగ్రంథములను విప్పి చూచినను ఈ చుట్టరికమే కనబడును. జంటపద్దు విధానమును లూకా పాచియోలి 1494లో వెనిస్ నగరమున అచ్చువేయించిన గణితగ్రంథమున వివరించెనని మొదటి సంవత్సరముననే చదివి మరచిపోవుదురు. ఆ నగరపు వర్తకులకు అంతటి లెక్కల యవసరము కలిగించిన తూర్పుదేశపు మిరియములను గూర్చి ఎవ్వరును చెప్పరు. కంపెనీ చట్టము పాఠమున వాటాదారు, బదిలీ చేయదగు వాటా అను మాటలు వచ్చును. ప్రజలకు వాటాలమ్మి 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ, కొలది యేండ్లకే గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్టణమున గిడ్డంగి తెరచి, మన బట్టలనిచ్చి తూర్పు ద్వీపముల సుగంధద్రవ్యములను కొనుచుండెనని తెలిసినచో, ఆ పాఠము వేరొక తీరున మనసున నాటును. గోలకొండకును బందరునకును నడుమ సరకులు సాగిన బాట నల్లగొండ సీమ మీదుగానే పోయినది. అంతకు పూర్వము 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి శాసనమున, తుఫానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజు హరింపడనియు, నియమితమైన సుంకము మాత్రమే గైకొనుననియు విదేశవర్తకులకు అభయమిచ్చెను. పెట్టుబడికి భద్రతను గూర్చి నేటి వాణిజ్య కళాశాలలలో చేయు ఉపన్యాసములలో దీనికి మించినది నేనెరుగను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయల్పడిన వేయికి మించిన రోమను వెండి నాణెములను గూర్చియు, ఏటేట అయిదుకోట్ల సెస్టర్సులను ఇండియా హరించుచున్నదని ప్లినీ పడిన దుఃఖమును గూర్చియు, విదేశవ్యాపారపు మిగులు, లోటులను బోధించు నధ్యాపకులు ఒక్కమాటు చెప్పినను చాలును.

పాతకథలు చాలునందురా? జడ్చర్ల సమీపమున పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఔషధ కర్మాగారములను చూడుడు. అచ్చటి లెక్కల విభాగములోనో, ఎగుమతి పత్రముల విభాగములోనో కొలువు సంపాదించుట పాలమూరు బి.కాం. పట్టభద్రులలో పలువురి ఆశ. ఆ కొలువు మూడు చట్టములపై నిలిచియున్నది. మందుపై గాక దానిని తయారుచేయు పద్ధతిపై మాత్రమే పేటెంటు నిచ్చిన మన 1970 నాటి చట్టము మొదటిది. పేటెంటు గడువు తీరిన మందులను, పూర్వపు ప్రయోగములన్నింటిని మరల చేయకయే, ఇతరులు తయారుచేసి అమ్ముకొనుటకు వీలుకల్పించిన 1984 నాటి అమెరికా చట్టము రెండవది. 1995లో వెలసిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడికను బట్టి 2005లో మనము మార్చుకొన్న చట్టము మూడవది. వాషింగ్టనులో సుంకముల మాట వినబడినప్పుడు జడ్చర్లలో కలత యేల కలుగునో ఈ క్రమము నెరిగినవానికి ఇట్టే బోధపడును. ఆ మండలికై భూములు కోల్పోయిన రైతుల గాథ వేరు. అదియు చదువదగిన చరిత్రయే.

ఉద్యోగముల మాట నిష్కర్షగా చెప్పవలయును. చరిత్ర చదివినంత మాత్రమున కొలువు వచ్చునని నేను చెప్పను. టాలీయు, జి.ఎస్.టి. రిటర్నులును ముందు నేర్చుకొనుడు. అవి అన్నము పెట్టును. అయినను, సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో మొదటి సామాన్య అధ్యయన పత్రమున 18వ శతాబ్దినుండి పారిశ్రామిక విప్లవము, ప్రపంచ యుద్ధములు, వలసపాలన మున్నగునవి పాఠ్యాంశములు. రిజర్వు బ్యాంకు, నాబార్డు అధికారుల పరీక్షలలో ఆర్థిక, సామాజిక విషయములపై విపులముగా వ్రాయవలసి యుండును. ఎం.బి.ఏ. ప్రవేశపు ముఖాముఖిలోను, వాణిజ్య పత్రికారచనలోను, ఎగుమతి సంస్థలలోను కారణమును విడమరచి చెప్పగలవాడు, అంకెలను మాత్రమే వల్లించువానికంటె ముందుండును.

ఎట్లు చదువవలయునన్న ప్రశ్నకు, రాజుల వంశావళులతో మొదలుపెట్టవలదనుట నా మొదటి సలహా. మన చరిత్ర పాఠములను పిల్లలు ద్వేషించుటకు ఆ తేదీల పట్టికలే కారణము. మీ యింట పండునదో, మీ వీథిలో అమ్ముడుపోవునదో ఒక వస్తువును ఎన్నుకొని, పత్తి గాని, పల్లి గాని, మిరియాలగూడ బియ్యము గాని, అది రెండువందల యేండ్లలో ఎచ్చటెచ్చటికి పోయెనో, దాని ధరను ఎవ్వరు నిర్ణయించిరో వెదకుచు పొండు. నెపోలియనును, అబ్రహాం లింకనును దారిలో తామే యెదురగుదురు. తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథములు చాలవరకు చాలును. నెహ్రూ పండితుడు చెరసాలనుండి కుమార్తెకు వ్రాసిన 196 లేఖలు విసుగుపుట్టింపని ప్రపంచ చరిత్ర. పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను తప్పక చదువుడు. జనులు తిన్నది, కట్టినది, అమ్మినది అందులో కలదు. మునగాల సంస్థానపు దివానుగిరీ నెరపుచునే కొమర్రాజు లక్ష్మణరావుగారు చరిత్రగ్రంథములను రచించి, విజ్ఞాన చంద్రికా మండలిని నడిపిరన్న సంగతియు మరువదగదు. పద్దులు చూచుకొనువారికి చరిత్రకు తీరిక యెక్కడిదనువారికి ఆయన జీవితమే సమాధానము.

నియమబద్ధముగా చదువగోరువారికి మార్గములు కలవు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమునకు గాని, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయమునకు గాని చెందిన కళాశాలలో బి.కాం. చదువుచునే దూరవిద్యలో మరియొక పట్టమునకు చదువుకొనుటను యు.జి.సి. 2022లో అనుమతించినది గనుక, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమున చరిత్ర పాఠ్యాంశముగా బి.ఏ. చేయవచ్చును. రెండు పరీక్షలు ఒక్క దినముననే పడకుండునట్లు ముందుగా విచారించుకొనుడు. అంత భారము వలదనువారు, 'దోస్త్' పత్రము నింపుటకు మునుపు, తాము కోరు కళాశాలలో వాణిజ్య విద్యార్థికి చరిత్రను ఐచ్ఛికముగా ఎన్నుకొను వీలు కలదో లేదో, దానిని బోధించు అధ్యాపకుడు ఉన్నాడో లేడో స్వయముగా పోయి అడిగి తెలిసికొనుడు. పత్రము పంపిన పిమ్మట మార్చుకొనుట కష్టము.