గుడ్లగూబ కక్కు ఉండలు – వాని పరీక్ష

తొఱ్ఱచెట్ల క్రిందను, పాడుగోడల ప్రక్కను రెండంగుళముల నల్లని ఉండలు కానవచ్చును. ఇవి రెట్టలు కావు. గుడ్లగూబ ఎలుకను ముక్కలు చేయక మ్రింగి, జీర్ణముకాని వెండ్రుకలను, ఎముకలను ఇట్లు నోటివెంట కక్కును. డేగ కక్కిన ఉండలో ఎముకలు చాలవరకు కరగిపోవును; గుడ్లగూబ ఉండలో పుఱ్ఱెలు నిలిచియుండును.

ఉండను గోరువెచ్చని నీట నానవైచి పుల్లతో విప్పుడు. ఉలివంటి పసుపుపచ్చని ముందుపండ్లును, వాని వెనుక ఖాళీయు నున్నచో అది ఎలుక. ఖాళీలేక వాడిపండ్లు వరుసగా నున్నచో చుంచు. అది ముఖ్యముగా పురుగులను తినును. ఎలుక పుఱ్ఱెలను లెక్కింపుడు. పిమ్మట చేతులు కడుగుకొనుడు.

అంతటి ఎలుకలను పట్టిన కావలివానిని అపశకునమని తరుమకుడు. విషము తిని చచ్చిన ఎలుకలను వెంటనే పూడ్చుడు. వానిని తిన్న గుడ్లగూబయు చావవచ్చును.